ఎడమ సీటు వదిన

మా వదిన చేతిలోంచి ఏదైనా తీసుకోవాలంటే నోరు విప్పాలి. ఊరికే చెయ్యి చాపితే ఇవ్వదు. పొగలు కక్కే టీ గిన్నె కానివ్వండి, ఉతికిన దుప్పటి కానివ్వండి, అవతలివాళ్ళు గట్టిగా పట్టుకుని "నా చేతిలో" అనాలి. దానికి తను "నీ చేతిలో" అని జవాబిచ్చాకే వేళ్ళు వదులుతుంది. మా మేనల్లుడు పుట్టినప్పుడు, పిల్లాణ్ణి తూకం వెయ్యడానికి తీసుకెళ్ళబోయిన నర్సు చేత కూడా ఆ మాట అనిపించింది. పాపం ఆ నర్సు బిక్కమొహం వేసుకుని నా వైపు చూసింది. "అనేసెయ్యమ్మా, లేకపోతే సాయంత్రం దాకా ఇక్కడే నిలబడాలి" అన్నాను.

విమానం నడిపేవాళ్ళ పద్ధతి అది. ముందు గదిలో ఇద్దరు కూర్చుంటారు, ఇద్దరి ముందూ నడిపే సరంజామా ఉంటుంది. ఆయన చూసుకుంటున్నాడులే అని ఈయన, ఈయన చూసుకుంటున్నాడులే అని ఆయన చేతులు ఒళ్ళో పెట్టుకుంటే వెనకాల కూర్చున్నవాళ్ళ గతేం కాను? అందుకని ఇంగ్లీషులో పైకి చెప్పుకుని, జవాబు చెవిన పడ్డాకే వదులుతారట. మా వదిన ఆ మాటని ఇంటికి మోసుకొచ్చి, మన మాటల్లోకి దించి, మా అందరి ప్రాణాలూ తోడేసింది. అంత పట్టుదల గల మనిషి ఒకే ఒక్కసారి ఆ పద్ధతి మరిచిపోయింది. మరిచిపోయినందుకు ఎంత పని అయిందో చెబుతాను.

నాది కుట్టుపని. విమానాశ్రయంలో ఉద్యోగులు వచ్చిపోయే గేటుకి ఎదురు వీధిలో నా కొట్టు. రెండు మిషన్లు, ఒక ఇస్త్రీ బల్ల, నిలువుటద్దం, కూర్చోడానికి ఒక పొడవాటి బెంచీ. పైలట్ల యూనిఫాంలన్నీ నా దగ్గరికే వస్తాయి. కోటు చేతుల మీద బంగారు రంగు పట్టీలు నేనే వేస్తాను. మూడు పట్టీలుంటే కుడివైపు సీటు, నాలుగుంటే ఎడమవైపు సీటు, అంటే కెప్టెన్ అన్నమాట. మా వదినకి నాలుగో పట్టీ కుట్టిన రోజు సంతోషంలో సూది మూడుసార్లు వేలికి గుచ్చుకుంది. ఆ కోటు లోపలి లైనింగ్ మీద ఇప్పటికీ చిన్న రక్తపు మరక ఉంది. వదినకి తెలియదు, చెప్పలేదు.

వదిన వాళ్ళ నాన్న టైర్లకి పంక్చర్లు వేసేవాడు. ఈవిడేమో ఫ్లయింగ్ క్లబ్బులో విమానాలు కడిగే పనికి చేరి, కడిగినందుకు బదులుగా పాఠాలు చెప్పించుకుంది. మా అన్నయ్య లెక్కల మాస్టారు. ఎత్తంటే హడలు, స్టూలెక్కి బల్బు కూడా మార్చడు. అలాంటివాడు ఒకసారి బడి పిల్లల్ని తీసుకుని ఆ క్లబ్బు చూడ్డానికి వెళ్ళాడు. పిల్లల ముందు పరువు పోతుందని బుల్లి విమానం ఎక్కాడు. ఎక్కి, మబ్బుల దాకా వెళ్ళి, కడుపులో ఉన్నదంతా కక్కడానికి సిద్ధమయ్యాడు. నడుపుతున్న పిల్ల ఒక చేత్తో కాగితం సంచీ అందించి, "ముందు 'నా చేతిలో' అనండి" అందట. ఆ స్థితిలో కూడా అన్నాడు చూడండి, అక్కడే పడిపోయింది మా వదిన. అన్నయ్య మాత్రం ఇప్పటికీ తనే పడేశానని చెప్పుకుంటాడు.

ఆ తర్వాత ఏళ్ళ తరబడి సరుకుల విమానాలు, ఆ తర్వాత ఈ కంపెనీ. కుడి సీటులో కూర్చుని కూర్చుని, చివరికి ఎడమ సీటు. అయినా మనసంతా పెద్ద విమానం మీదే. సీట్ల మధ్య రెండు దారులుండి, సముద్రాలు దాటి వెళ్ళే రకం. దానికి కూడా వరసే. వాళ్ళ లోకంలో దేవుడి తర్వాత వరసే పెద్దది. ఎవరు ముందు చేరారో వాళ్ళు ముందు, ఎంత బాగా నడుపుతావన్నది కాదు. సెలవైనా, దారైనా, విమానమైనా వరస ప్రకారమే దక్కుతుంది. పోయేటప్పుడు కూడా అంతే, చివర చేరినవాడు ముందు పోతాడు.

ఆ పోయే రోజులు వచ్చిపడ్డాయి. సీట్లు నిండటం లేదని కంపెనీ కొన్ని దారులు మూసేసింది. పైలట్లు ఎక్కువయ్యారంది. కిందివాళ్ళలో పన్నెండుమందిని జీతం లేని సెలవు మీద ఇంటికి పంపుతామంది. మళ్ళీ ఎప్పుడు పిలుస్తారంటే చెప్పరు. ఆ పక్కనే ఇంకో మాట కూడా పెట్టింది: పైవాళ్ళలో ఎవరైనా తమంతట తాము ముందుగా పదవీ విరమణ చేస్తే, ఒక్కొక్కరికి కింద ఒక్కొక్కరు నిలుస్తారు. పేరివ్వడానికి శుక్రవారం ఆఫీసు మూసేదాకా గడువు.

ఇహ చూస్కోండి, నా కొట్టు కాస్తా అసెంబ్లీ అయిపోయింది. గుండీ కుట్టించుకోవాలని వచ్చినవాడు గుండీ మరిచిపోయి గంటసేపు వాదించేవాడు. దిగిపోవాలా, ఆగాలా? ఇంకో ఉద్యోగం దొరుకుతుందా? ఇన్నాళ్ళూ మబ్బుల్లో తిరిగినవాళ్ళు రేపట్నించి పొద్దున్నే లేచి ఏం చేస్తారు? నాకు ముక్కు మీదే కోపం. "ఏమయ్యా, లక్షణంగా అరవై దగ్గరపడుతున్నాయి, ఇంటికెళ్ళి మొక్కలకి నీళ్ళు పోసుకోరాదూ? ఆ పిల్లల్ని బతకనియ్యండి" అని ఒకాయనని పట్టుకుని కడిగేశాను. ఆయన పాపం ప్యాంటు కూడా తీసుకోకుండా పారిపోయాడు. మా వదినకీ యాభై ఎనిమిదన్న సంగతి అప్పటికి నాకు గుర్తు రాలేదు. ఎవరి సీటైతే ఏం, మన ఇంటిది కానంత వరకూ నోరు బాగానే లేస్తుంది.

నా నోరు అంతలా లేవడానికి కారణం పిచ్చుక. చివర్లో చేరిన పైలట్ పిల్ల. సన్నగా, చురుగ్గా, ఒక చోట నిలవదు, అందుకే గేటు దగ్గర కాపలావాడితో సహా అందరూ పిచ్చుకనే అంటారు. వరసలో అందరికంటే చివర. అంటే పైనుంచి పదకొండుమంది దిగినా చాలదు, పన్నెండో మనిషి దిగితేనే తను నిలుస్తుంది. ఆ పిల్లకి ఈ కంపెనీలో మొదటిసారి విమానం దించడం నేర్పింది మా వదినే. అప్పుడు పిచ్చుక నా కొట్టుకొచ్చి, బెంచీ మీద కూర్చుని, గజం బద్దని పట్టుకుని ఎలా దించిందో నాకు చూపించింది. అద్దం పగిలేదే, తృటిలో తప్పింది.

సరిగ్గా ఆ గొడవల మధ్యే మా వదినకి పెద్ద విమానం వచ్చింది.

మంగళవారం పొద్దున్న ఇస్త్రీ చేస్తున్నాను. వదిన వీధి మలుపు దగ్గర్నించే అరుచుకుంటూ వచ్చింది. "అమ్మడూ! వచ్చేసిందే! పై నెల నుంచే ట్రైనింగ్!" మూసిన దారుల్లో తిరిగే చిన్న విమానాలు తగ్గిస్తున్నారు గానీ, పెద్దవాటికి మనుషులు కావాలట. వరసలో తన వంతు వచ్చిందట. నేను ఇస్త్రీ పెట్టె అలాగే వదిలేసి వీధిలోకి ఉరికాను. ఇద్దరం చేతులు పట్టుకుని గిర్రున తిరిగాం. అప్పుడు నల్లగా కాలిన చొక్కా ఎవరిదో ఇప్పుడు చెప్పను, ఆయన ఇంకా నా ఖాతాదారే.

సాయంత్రానికల్లా వాళ్ళింట్లో భోజనాల గది గోడ మీద ఒక పెద్ద కాగితం వెలిసింది. దాని నిండా ఆ పెద్ద విమానం ముందు గది బొమ్మ, అసలంత సైజులో. ప్రతి మీటా, ప్రతి చక్రమూ, ప్రతి దీపమూ ఉంది. వాళ్ళు అలాగే నేర్చుకుంటారట, కాగితం ముందు కూర్చుని, కాగితం మీటలు నొక్కుతూ. ఎడమవైపు కుర్చీలో వదిన, కుడివైపు కుర్చీలో అన్నయ్య. అన్నయ్య కళ్ళజోడు ముక్కు చివరికి దించుకుని ఒక్కొక్క పని పేరూ చదువుతాడు, వదిన చెయ్యి బొమ్మ మీద ఆ మీట దగ్గరికి వెళ్ళి "అయింది" అంటుంది.

"ఇంధనం మీట?"

"అయింది."

"దీపాలు?"

"అయింది."

"పప్పు మాడుతోందేమో?"

"అయి... ఏమండీ!"

నేను గుమ్మంలో నిలబడి పొట్ట పట్టుకుని నవ్వాను. ఎత్తంటే హడలిపోయే మా అన్నయ్య కాగితం విమానంలో సముద్రాలు దాటేస్తున్నాడు. వదిన మొహం చూస్తే పాతికేళ్ళ పిల్లలా ఉంది. నాకైతే కాళ్ళు నేల మీద నిలవలేదు.

కొత్త విమానానికి కొత్త పట్టీలు వేసుకోవాలని వదిన కోటు నా దగ్గర పడేసింది. పాతవి మెరుపు పోయాయి. బుధవారం వాటిని విప్పేశాను. చేతులు బోసిగా ఉన్న ఆ కోటు బల్ల మీద పడుంది. అప్పుడొచ్చాడు మీసాల కెప్టెన్. వయసులో వదినకంటే నాలుగేళ్ళు పెద్ద, కంపెనీలో మాత్రం ఆవిడ తర్వాత చేరాడు, వరసలో ఆవిడ వెనకే. పదేళ్ళ కిందట భార్య పోయింది, పిల్లలు లేరు. మీసాలు మాత్రం ఇద్దరు పిల్లలకి సరిపోయేటంత ఉంటాయి. బల్ల దగ్గర ఆగాడు. కోటు జేబు మీద వదిన పేరున్న బిళ్ళ చూశాడు. పట్టీల్లేని చేతి మీద ఒకసారి వేళ్ళు పోనిచ్చాడు. వచ్చిన పని కూడా చెప్పకుండా, ముక్కు చీదుకుంటూ వెళ్ళిపోయాడు. జలుబు చేసిందనుకున్నాను.

ఆ మర్నాడు వదిన డ్యూటీ నుంచి దిగి తిన్నగా నా కొట్టుకి వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"మీసాలాయన వెళ్ళిపోతున్నాడే అమ్మడూ."

"ఎవరు చెప్పారు?"

"చెప్పేదేముంది, కళ్ళారా చూశా. ఆ తోలు బ్యాగ్ ఉంది చూడు, ఇరవయ్యేళ్ళుగా ఎవర్నీ ముట్టుకోనివ్వనిది, దాన్ని పిచ్చుకకి ఇచ్చేశాడు. 'ఇక నీ దగ్గరుంచుకోమ్మా' అన్నాడు. ఆ పిల్ల కోసమే దిగిపోతున్నాడు."

నాకూ కళ్ళు చెమర్చాయి. ఎంత గొప్పవాడో అనుకున్నాను. లెక్క చూస్తే అప్పటికి పదకొండుమంది పేర్లిచ్చారు, మీసాలాయనతో పన్నెండు. పిచ్చుక నిలిచింది! వదినకి పెద్ద విమానమూ వచ్చింది! ఇద్దరం టీ తాగాం, కాసేపు ఏడ్చాం, కాసేపు నవ్వాం. ఇంటికెళ్ళి వదిన మళ్ళీ కాగితం ముందు కూర్చుంది. మీటలు నొక్కుతూ ఈల కూడా వేసిందని అన్నయ్య చెప్పాడు.

శుక్రవారం మధ్యాహ్నం పిచ్చుక కొట్టుకి వచ్చింది. చేతిలో యూనిఫాం, మడతపెట్టి కవర్లో పెట్టింది. మొహంలో రక్తం చుక్క లేదు.

"అక్కా, ఇది నీ దగ్గర దాచు. ఇంట్లో ఉంటే చూస్తూ కూర్చుంటాను."

"అదేంటే? నువ్వు నిలిచావు కదా!"

"లేదక్కా. ఇప్పుడే ఆఫీసు నుంచి వస్తున్నా. పదకొండుమందే ఇచ్చారు. ఇంకో గంటలో మూసేస్తారు."

అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. పిల్లని బెంచీ మీద కూలేసి, చేతిలో టీ గ్లాసు పెట్టి, పక్క సందులోకి పోయి మీసాలాయనకి ఫోన్ కొట్టాను.

"ఏమండీ కెప్టెన్ గారూ! పేరివ్వలేదట! బ్యాగులు పంచిపెడితే సరిపోతుందా?"

"నేను పేరివ్వడమేంటమ్మా? మీ వదిన ఇచ్చింది కదా!"

"మా వదిన ఎప్పుడిచ్చింది?"

"కోటు పట్టీలు విప్పించేసింది కదా, నా కళ్ళతో చూశాను. బ్యాగంటావా, డాక్టరు బరువు మొయ్యొద్దన్నాడని చక్రాల బ్యాగ్ కొనుక్కున్నాను, పాతది ఆ పిల్ల ముచ్చటపడితే ఇచ్చాను."

వదినకి ఫోన్ చేశాను, ఉన్నపళాన రమ్మన్నాను. పది నిమిషాల్లో ఇద్దరూ ఆ సందులో ఎదురెదురుగా నిలబడ్డారు. వదిన వంటింటి చెప్పులతోనే వచ్చేసింది. విషయం చెప్పాను. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నాలుగు పట్టీలవాళ్ళు ఇద్దరు, జీవితమంతా పైకి చెప్పి జవాబు వింటే గానీ చెంచా కూడా వదలనివాళ్ళు, ఒకరు బోసి కోటునీ ఇంకొకరు తోలు బ్యాగునీ చూసి నమ్మేసి, హాయిగా చేతులు ఒళ్ళో పెట్టుకున్నారు.

"ఎవరి చేతిలోనూ లేదు" అంది వదిన. పైలట్ నోటి నుంచి అంతకంటే భయంకరమైన మాట రాదనుకుంటాను. మీసాలాయన మొహం కందగడ్డ అయిపోయింది.

తర్వాత ఇద్దరూ ఒకేసారి ఆయన కారు వైపు పరిగెత్తారు. నేనూ పరిగెత్తాను. వెళుతూ వెళుతూ కొట్టులోకి తొంగిచూసి "పిచ్చుకా, కొట్టు చూస్తూ ఉండు, ఎవరొచ్చినా రేపు రమ్మను" అని అరిచాను. పిల్ల గ్లాసు పట్టుకుని అయోమయంగా తలూపింది.

ఆఫీసు విమానాశ్రయానికి అవతలి పక్క. చుట్టూ తిరిగి వెళ్ళాలి. సగం దారిలో ఒక లారీ అడ్డంగా ఆగిపోయి రోడ్డంతా కిక్కిరిసిపోయింది. మీసాలాయన హారన్ మీద పడుకున్నాడు. "దిగండి, నడుద్దాం" అంది వదిన. నడవడమా పాడా, పరుగే! ముందు వంటింటి చెప్పులతో మా వదిన, వెనక నడుం పట్టుకుని మీసాలాయన, ఆ వెనక మెడలో కొలతల టేపు వేలాడుతూ నేను. అయినా చెప్పొద్దూ, అంత ఉత్సాహంగా నేను చిన్నప్పుడు కూడా పరిగెత్తలేదు. మేం చేరేసరికి గుమాస్తా కిటికీ తలుపు సగం దించేశాడు. వదిన దాని కింద చెయ్యి అడ్డం పెట్టింది.

"ఒక్క పేరు! ఒక్కటే!"

గుమాస్తా నిట్టూర్చి తలుపు ఎత్తాడు, కాగితం పెట్టాడు, కలం పెట్టాడు. "ఎవరిదండీ?"

కలం మీసాలాయన తీసుకున్నాడు. "నాదే. నాకింకా మూడేళ్ళే ఉన్నాయి. ఈవిడకి పెద్ద విమానం వచ్చింది. న్యాయంగా నేనే దిగాలి."

అవును, న్యాయంగా ఆయనే దిగాలి! నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. నాకు పిచ్చుక ఉండాలి, వదిన సీటూ ఉండాలి. రెండూ కావాలి, దాచుకోవడమెందుకు? కానీ ఆయన చెయ్యి కాగితం మీద ఆగిపోయింది. కలం ముందుకి పోలేదు. మీసాలు అదురుతున్నాయి.

"రాస్తాను, ఉండు. అదికాదు... ఇంట్లో కూర్చోడానికి కుర్చీలున్నాయి. కూర్చోమనేవాళ్ళు లేరు, అంతే. అలవాటవుతుందిలే."

వదిన చెయ్యి చాపి ఆ కలాన్ని పట్టుకుంది. ఆయన వదల్లేదు. ఇద్దరి వేళ్ళూ ఒకే కలం మీద.

"నా చేతిలో" అంది వదిన.

"పిచ్చిమాటలు మాట్లాడకు. ఎన్నాళ్ళు ఎదురుచూశావు నువ్వు దానికోసం!"

"చూశాను. నిన్నట్నించి మీరు దిగిపోతున్నారనుకుని, ఆ గోడ ముందు కూర్చుని ఈల వేసుకున్నాను కూడా. మీ ఇంట్లో ఎవరున్నారని ఒక్కసారి కూడా అనుకోలేదు. సిగ్గేస్తోంది నాకు. ఆ పిల్లకి దించడం నేర్పింది నేను. నేర్పి, వీధిలో దించేస్తానా? మా ఇంట్లో నన్ను కూర్చోమనేవాళ్ళే కాదు, లేవమని తిట్టేవాళ్ళు కూడా ఉన్నారు." అని నా వైపు చూసింది. "నా చేతిలో."

నేను ఆవిడ భుజం పట్టుకుని వెనక్కి లాగుదామనుకున్నాను. చెయ్యి సగం దాకా లేచింది కూడా. ఆవిడ కళ్ళు చూసి దించేశాను. గుమాస్తా గడియారం చూసి దగ్గాడు.

"నీ చేతిలో" అన్నాడు మీసాలాయన చివరికి. వేళ్ళు వదిలాడు.

వదిన తన పేరు రాసేసింది. ఒక్క కొట్టివేత లేదు. బయటికొచ్చాక గోడకి ఆనుకుని, వంటింటి చెప్పుల వైపు చూసుకుని, ఒక్కసారిగా నవ్వడం మొదలుపెట్టింది. "పదవీ విరమణ ఈ చెప్పులతో చేశానే అమ్మడూ!" నేను మాత్రం అక్కడే రోడ్డు మీద భోరుమన్నాను.

కొట్టుకి తిరిగొచ్చేసరికి పిచ్చుక నా బదులు ఒకావిడకి ప్యాంటు కొలతలు తీస్తోంది. వదిన కవర్లోని యూనిఫాం తీసి ఆ పిల్ల ఒళ్ళో పెట్టింది. "ఆదివారం నీ డ్యూటీ నాతోనే. ఇస్త్రీ చేయించుకో" అంది. ఆ పిల్లకి సంగతి అర్థమయ్యాక వేసిన కేకకి వీధి చివరి కుక్క కూడా మొరిగింది. కొలతల పని మీద వచ్చినావిడకి ఏమీ తెలియదు, అయినా ఆవిడా చప్పట్లు కొట్టింది.

ఇంటికెళ్ళి అన్నయ్యకి ఎలా చెప్పాలా అని నాకు దిగులు. వదినే చెప్పింది, గుమ్మంలోనే, రెండు ముక్కల్లో. అన్నయ్య గోడ మీది కాగితాన్ని చూశాడు, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"అయితే నా కో-పైలట్ ఉద్యోగం కూడా పోయినట్టేనా?"

వదిన నవ్వబోయి ఏడ్చేసింది. అంతవరకూ ఆపుకున్నదంతా ఆయన భుజం మీద దింపేసింది. నేను వంటింట్లోకి వెళ్ళి కావాలని గిన్నెలు చప్పుడు చేశాను.

వరస ప్రకారం ఆ పెద్ద విమానం ఎవరికి పోయిందో ఊహించే ఉంటారు. మీసాలాయనకి! "ఈ వయసులో నాకెందుకు" అంటూనే మురిసిపోయాడు. వదిన గోడ మీంచి కాగితం జాగ్రత్తగా ఊడదీసి, చుట్టచుట్టి ఆయనకిచ్చింది. ఇచ్చేటప్పుడు ఇద్దరూ చెప్పాల్సిన మాటలు చెప్పుకున్నారు, ఈసారి మరిచిపోలేదు. ఆయన ఇంట్లో కుడివైపు కుర్చీలో కూర్చునేవాళ్ళు లేరని మా అన్నయ్య రోజూ సాయంత్రం వెళ్ళి కూర్చునేవాడు. పప్పు సంగతి మాత్రం అడిగేవాడు కాదట.

ఆఖరి రోజున వదిన విమానం తిరిగొచ్చి ఆగుతుంటే, అగ్నిమాపక బండ్లు రెండు పక్కల నుంచీ నీళ్ళు చిమ్మి కమాను కట్టాయి. రిటైరయ్యే పైలట్లకి అలా చేస్తారు. నేను అద్దాల వెనక నిలబడి చూశాను. ఆ నీళ్ళ కింద నుంచి వస్తున్న విమానాన్ని చూస్తే ఒళ్ళంతా పులకరించింది. దిగి వచ్చి నాకు కోటు ఇచ్చింది, కొత్త పట్టీలతో. "ఇంక కుట్టక్కర్లేదు" అంది. పై నెల నుంచి పాత ఫ్లయింగ్ క్లబ్బులో పిల్లలకి నేర్పడానికి ఒప్పుకుందట. "మళ్ళీ బుల్లి విమానాలే! కిటికీ తీస్తే గాలి మొహానికి కొడుతుంది!" అంటూ చిన్నపిల్లలా చెప్పుకొచ్చింది. నవ్వుతూనే చెప్పింది. కానీ రెండు చేతులూ ఊరికే పట్టుకోవడానికి ఏదో వెతుక్కుంటున్నాయి. నేను చూశాను.

ఆ నెలాఖరులో మా మేనల్లుణ్ణి చూడ్డానికి ముగ్గురం విమానం ఎక్కాం. మా వదిన డబ్బిచ్చి టికెట్ కొనుక్కుని వెనకాల కూర్చోవడం అదే మొదలట. కిటికీ పక్కన తను, మధ్యలో నేను, ఇటువైపు కళ్ళు గట్టిగా మూసుకుని అన్నయ్య. ఎక్కింది మొదలు ఆవిడ ఒక చోట కుదురుగా లేదు. రెక్క చూస్తుంది, ఇంజను చప్పుడు వింటుంది, "ఇప్పుడు చక్రాలు లోపలికి" అంటుంది, తనే ముడుస్తున్నట్టు. ఇంతలో నీళ్ళిచ్చే అమ్మాయి వచ్చి వదిన చెవిలో చెప్పింది: "ముందు నుంచి కబురండీ. ఈ రోజు దించేది పిచ్చుకేనట."

అంతే, ఆవిడ వీపు సీటుకి ఆనలేదు. నేల దగ్గరపడుతున్న కొద్దీ రెండు కాళ్ళతో కింద లేని బ్రేకులు తొక్కుతోంది. పెదాలు కదులుతున్నాయి. మా ఇద్దరి సీట్ల మధ్య చెయ్యి ఆనించుకునే కమ్మీని పట్టుకున్న వేళ్ళు తెల్లబడిపోయాయి.

"వదినా, వదిలెయ్" అన్నాను. వినలేదు. ఆ చేతి మీద చెయ్యి వేశాను, గట్టిగా లాగాను. ఊహూఁ, ఇనప పట్టు. అప్పుడు నాకు తట్టింది, ఈవిడ చేతిలోంచి ఏదైనా తీసుకోవాలంటే ఎలా తీసుకోవాలో ముప్పయ్యేళ్ళుగా నాకు తెలుసు కదా! ఆ వేళ్ళ మీద నా రెండు చేతులూ వేసి, చెవి దగ్గరికి వంగి, గట్టిగా చెప్పాను.

"నా చేతిలో, వదినా."

నా వైపు తిరిగింది. కళ్ళ నిండా నీళ్ళు. ముందున్న మూసిన తలుపు వైపు చూసింది, మళ్ళీ నన్ను చూసింది.

"నీ చేతిలో" అంది.

వేళ్ళు ఒక్కొక్కటే వదిలాయి. వీపు సీటుకి ఆనింది. చక్రాలు నేలని తాకిన సంగతి అన్నయ్యకి తెలియనే లేదు, అంత మెత్తగా దించింది పిచ్చుక. విమానంలో ఎవరూ చప్పట్లు కొట్టలేదు, రోజూ దిగేదే కదా అని. ఖాళీ అయిన ఆ రెండు చేతులతో మా వదిన ఒక్కత్తే, విమానం ఆగేదాకా, చప్పట్లు కొడుతూనే ఉంది.